ఆరు గంటల లైట్‌హౌస్

మా బోర్డు మావయ్యగారు పోయారు. రెండు వారాల కిందటి మంగళవారం పొద్దున నేను మా టీవీ స్టేషన్ తాళం తీస్తుంటే, ఎదురుగా ఉన్న టీకొట్టాయన కడుగుతున్న గ్లాసు చేత్తోనే పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. తెల్లవారుజామున పెద్దాసుపత్రిలో ప్రాణం పోయిందట, ఇంటికి తెచ్చేశారట. అంత మాట చెప్పి, నా చేతిలోంచి తాళంచెవి తీసుకుని తనే తలుపు తీసి, నన్ను లోపల కుర్చీలో కూర్చోబెట్టి వెళ్ళాడు. నాకు ఏడుపు రాలేదు. ముందు భయం వేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నాలుగు నెలలుగా నా నోట్లోనే నానుతోంది. ఇక చెప్పడానికి మనిషి లేడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. పుదుచ్చేరిలో ఎన్ని దుకాణాలకు బోర్డులు రాశారో లెక్కలేదు గానీ, ఒక్క బోర్డు కింద కూడా తన పేరు వేసుకోలేదు. "కొట్టు వాడిది, పేరు వాడిది, నడమ నేనెందుకు" అనేవారు. పోయాక నేను ఆ మాట మీరడం ఎందుకు? మూలకుళం వైపు మా వీధుల్లో వైరు కనెక్షన్ ఉన్నవాళ్ళకు ఆయన ఎవరో చెప్పక్కర్లేదు. మూడేళ్ళపాటు సాయంత్రం ఆరింటికి మీ టీవీలో కనిపించిన లైట్‌హౌస్ ఆయనది. ఆ గుర్తు ఎలా పుట్టిందో, ఎన్నిసార్లు మారిందో రాసిపెట్టాలని కూర్చున్నాను. రాస్తుంటే నా తప్పు కూడా అందులోనే ఉంది. దాన్ని వదిలేసి మిగతాది రాయడం నాకు చేతకాలేదు.

మా నాన్నగారికి యానాం నుంచి ఇక్కడి సర్కారు ఆఫీసుకి బదిలీ అయినప్పుడు నాకు పదకొండేళ్ళు. డెబ్భైల మధ్య మాట. మేము అద్దెకు దిగిన ఇంటి పక్కనే ఆయన రేకుల షెడ్డు. సామాన్లు దింపుతుంటే ఆయన బ్రష్షు చెవి మీద పెట్టుకుని వచ్చి, "యాడనుంచి వచ్చినారు, ఏంది మీ ఊరు?" అని అడిగారు. నేను లోపలికి పరిగెత్తి, ఎవరో అరవాయన వచ్చాడని మా అమ్మకు చెప్పాను. అది తెలుగేనే మొద్దూ అని అమ్మ నవ్వింది. బాహూరు దగ్గర ఎన్ని తరాల నాడో వచ్చి స్థిరపడ్డ తెలుగు రైతుల ఇంటి మనిషి ఆయన. అన్నదమ్ములంతా అక్కడి చెరువు కింద వరి చేస్తుంటే, ఈయన ఒక్కరే రంగు డబ్బాలు పట్టుకుని టౌన్‌కి వచ్చేశారు. నేను మావయ్యగారూ అంటే, ఆ 'గారు' తీసెయ్యి, మోయలేకుండా ఉన్నానని వేళాకోళం చేసేవారు. తీయలేదు. ఆయన కూడా నన్ను పేరు పెట్టి పిలవలేదు. చివరిదాకా 'పాపా' అనే అన్నారు.

తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలు రాస్తుంటే ఆయన చెయ్యి ఆగేది కాదు. తెలుగు మాత్రం చదవడం రాదు. ఇంట్లో ఆయన భార్యతో, నేను అత్త అనే ఆవిడతో, షెడ్డులో నాతో మాట్లాడేదంతా తెలుగే. "తెలుగు నాకు నోట్లో ఉండాది, చేతికి రాలే" అనేవారు. అందులో సిగ్గేమీ లేదు ఆయనకు. ఇప్పుడు ఇదంతా నేను తెలుగులో రాస్తున్నాను. ఆయన బతికి ఉన్నా నేనే చదివి వినిపించాల్సి వచ్చేది. అప్పుడైనా ఆ మాట చెప్పి ఉండేదాన్నేమో.

సినిమా హాల్లో ఇంటర్వెల్లో వేసే గాజు స్లైడులు కూడా ఆయనే రాసేవారు. ఎనభైల మొదట్లో మా వీధి చివర మేడింట్లో ఎత్తయిన ఇనుప గొట్టానికి యాంటెన్నా కట్టి టీవీ పెట్టారు. మద్రాసు స్టేషన్ చుక్కలు చుక్కలుగా వచ్చేది. ఆదివారం సినిమాకి వీధి వీధంతా అక్కడ చేరేది. మావయ్యగారు అందరికన్నా ముందు వచ్చి నేల మీద కూర్చునేవారు. మొదట స్టేషన్ గుర్తు తిరుగుతూ వచ్చి, సంగీతం మోగి, అయిపోయేది. సినిమా మొదలవగానే ఈయన లేచి ఇంటికి పోయేవారు. ఈయనకు మతి ఉందా లేదా అని జనం నవ్వేవాళ్ళు. నేను ఒకసారి అడిగేశాను. బోర్డు నడిచిపోయేవాడి కోసం, స్లైడు కూర్చున్నవాడి కోసం రాస్తాం పాపా అన్నారు. "ఇది ఇంట్లో అన్నం తినేవాడి ముందుకు పోతాది. వాడి ముందర అరవకూడదు. ఎట్ల పిలవాలనో చూస్తా ఉండా."

ఆ చూడడం ఊరికే పోలేదు. నేను డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్న రోజుల్లో, మూలకుళంలో క్యాసెట్ల కొట్టు ఓనరు ఒకాయన ఇంటింటికీ వైరు లాగి సొంతంగా స్టేషన్ పెట్టాడు. స్టేషన్ అంటే పెద్దదేదో అనుకునేరు. కొట్టు వెనక ఒక గది, క్యాసెట్లు వేసే డెక్కు, పెళ్ళిళ్ళకు వాడిన పాత కెమెరా, ఒక చిన్న టీవీ. సాయంత్రం ఆరింటికి మొదలు. ఈ రోజు ఏ సినిమా వేస్తున్నామో తమిళంలో, తెలుగులో చదవడానికి మనిషి కావాలంటే, మావయ్యగారు నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టారు. స్టేషన్‌కి గుర్తు కావాలంటే తనే వేస్తానన్నారు. సముద్రం ఒడ్డున ఉన్న మన పాత లైట్‌హౌస్ వేస్తానని అప్పటికప్పుడు చెప్పేశారు.

మొదటి గుర్తు అట్ట మీద వేశారు. ఆకుపచ్చ నేపథ్యం మీద ఎర్రటి లైట్‌హౌస్. ఎంత బాగుందో చెప్పలేను. ఓనరు ఇంట్లో కలర్ టీవీలో చూసి చప్పట్లు కొట్టాం. మొదటి రోజు ఆరింటికి అట్ట కెమెరా ముందు పెట్టిన అయిదు నిమిషాలకే నలుగురు వచ్చి కొట్టు ముందు నిలబడ్డారు. స్టేషన్ ఎప్పుడు మొదలవుతుందని అడుగుతారు! అందరం ఎదురుగా టీకొట్లోకి పోయి చూశాం. అది నలుపు తెలుపు టీవీ. తెర నిండా ఒకటే బూడిద. ఎరుపూ పచ్చా రెండూ ఒకే బూడిద అయిపోయి లైట్‌హౌస్ జాడే లేదు. వీధిలో ముప్పాతిక ఇళ్ళవి అలాంటి పెట్టెలే. జీవితమంతా రంగుల్లో బతికిన మనిషి, రంగు లేని చోట బొమ్మ ఏమవుతుందో ఆలోచించలేదు. పప్పులో కాలేశాం అని నేను నవ్వబోయి, ఆయన మొహం చూసి ఊరుకున్నాను. టీకొట్టు బెంచీ మీద గంటసేపు కూర్చున్నారు, ఇచ్చిన టీ చల్లారిపోయింది.

మర్నాడు తన దగ్గరున్న రంగులన్నీ ఒక్కొక్క అట్టముక్క మీద పూసి తెచ్చారు. నేను లోపల ఒక్కొక్క ముక్క కెమెరా ముందు పెడుతుంటే, ఆయన రోడ్డుకు అవతల టీకొట్లో నిలబడి ఏది ఎంత బూడిదగా కనిపిస్తుందో కాగితం మీద రాసుకున్నారు. బస్సు వస్తే ఆగడం, పోయాక మళ్ళీ 'ఊ, తర్వాతది' అని అరవడం. అలా మూడు సాయంత్రాలు చేశాం. ఆ తర్వాత నాకు చూడడం నేర్పించారు. "కన్ను సగం మూసి చూడు పాపా. రంగు ఎగిరిపోతాది, వెలుగు నిలబడతాది. నిలబడే దాంతోనే బొమ్మ వెయ్యాల." ఇప్పటికీ కొత్త చీర కొనేటప్పుడు కూడా నేను కన్ను సగం మూస్తాను, కొట్టువాడు నాకు చూపు ఆనదనుకుంటాడు.

రెండో గుర్తు నల్లటి నీలం మీద తెల్లటి లైట్‌హౌస్. చుట్టూ సన్నటి ముగ్గు అంచు వేశారు, రెండు వారాల పని. టీవీ పెట్టె ఆ అంచు మొత్తం మింగేసింది, లైట్‌హౌస్ తల కూడా సగం తెగిపోయింది. తెర అంచులు కొంత దాచేస్తాయని మాకెవరికి తెలుసు? ఈసారి ఆయనే ముందు నవ్వారు. నా తల తీసేసినారే అని ఓనరుతో పోట్లాట నటించారు. మూడోది నిలబడింది. ప్లైవుడ్ పలకలో లైట్‌హౌస్ ఆకారం కోసి, దాని వెనక సైకిలు ఇరుసు మీద ఒక చక్రం బిగించారు. చక్రంలో కిరణాల్లా సందులు కోసి, ఆ వెనక బల్బు పెట్టారు. చక్రం తిప్పితే లైట్‌హౌస్ తలలోంచి వెలుగు చుట్టూ తిరిగేది. గదిలో దీపాలార్పేసి, మావయ్యగారు పలక వెనక స్టూలు మీద కూర్చుని, ఒక నిమిషం పాటు చేత్తో తిప్పేవారు. నేను ఇవతల టీవీ ముందు కూర్చుని, ఆయన ఆపగానే నమస్కారం చెప్పేదాన్ని.

దాన్ని క్యాసెట్ మీద ఎక్కించి రోజూ వేద్దామని ఓనరు అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. రోజూ ఒకేలా తిరిగితే అది ఫ్యానుతో సమానం అన్నారు. నిజంగానే ఆయన రోజుకొక రకంగా తిప్పేవారు. పొంగలి పండగ నాడు హుషారుగా, తుపాను రోజుల్లో ఆగి ఆగి. వీధిలో ఎవరైనా పోతే ఆ సాయంత్రం బాగా నెమ్మదిగా తిప్పేవారు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఇళ్ళలో టీవీ ముందు కూర్చున్నవాళ్ళు చూసి, ఎవరింట్లోనో ఏదో జరిగిందే అనుకునేవాళ్ళు. ఉగాదికి లైట్‌హౌస్ కింద తెలుగులో శుభాకాంక్షలు పెడతానని నా చేత కాగితం మీద రాయించుకున్నారు. అక్షరం తెలియకుండానే దాన్ని బొమ్మ వేసినట్టు వేశారు. ఆ చేతిరాత నాకే లేదు. ఆయన పోయిన సాయంత్రం మా స్టేషన్ గుర్తు రోజూ తిరిగే వేగంతోనే తిరిగింది. దాన్ని నెమ్మదిగా తిప్పడానికి ఎవరికీ వీల్లేదు.

ఎందుకంటే ఈ పొంగలి వెళ్ళాక ఓనరు మద్రాసు నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. కంప్యూటర్ మీద చేయించిన కొత్త గుర్తు. వెండి అక్షరాలు ఎగిరొచ్చి అతుక్కుని, గిర్రున తిరుగుతాయి. ఓనరు చెడ్డవాడని నేను అనను. పెద్దాయనకు షుగరు ఉంది, కాలవ అవతల నుంచి రోజూ నడిచి రావడం ఎందుకు, ఇంట్లో సుఖంగా కూర్చుంటాడు అన్నాడు. అప్పటికి మావయ్యగారి షెడ్డున్న జాగా అమ్ముడుపోయి, ఆయనా అత్తా కాలవ అవతలికి మారి రెండేళ్ళయింది. మా వైరు ఇంకా అక్కడికి పోలేదు. రేపటి నుంచి రావద్దని నువ్వే చెప్పు, నీ మాట వింటాడు అని ఓనరు ఆ పని నా నెత్తిన పెట్టాడు.

ఆ సాయంత్రం ఆయన రావడమే కొత్త చక్రంతో వచ్చారు. పాతదాంట్లో కిరణాలు మొద్దుగా ఉన్నాయని, రంపం తీసుకుని వారం రోజులు కూర్చుని సన్నగా కోశారట. చంకలో పెట్టుకుని తెచ్చి, విప్పి, ఎలా ఉంది పాపా అన్నారు. చక్రం పలకకు బిగించడానికి సాయం పట్టాను. ఆయన పలక వెనక కూర్చోగానే కెమెరా ఎర్రదీపం వెలిగించాను. ఇళ్ళకు పోయే బొమ్మను మార్చే మీట మాత్రం క్యాసెట్ వైపు తిప్పాను. శబ్దం తగ్గించేశాను. ఇళ్ళలో వెండి అక్షరాలు ఎగిరాయి. గదిలో ఆయన చక్రం తిప్పారు, ఎవరికీ కనిపించకుండా.

ఒక్కరోజే అనుకున్నాను. రేపు నిదానంగా కూర్చోబెట్టి చెబుతానని ఓనరుతో అన్నాను. ఆ రేపు నాలుగు నెలలు సాగింది. కొత్త గుర్తు సినిమా మధ్యలో కూడా వస్తుంది, పని ముగించి ఆయన టీకొట్టుకు పోతారు కాబట్టి, ఆయన వచ్చేసరికి టీవీ కట్టేయమని టీకొట్టాయన్ని బతిమాలుకున్నాను. అతను తలూపాడు. ఒక అబద్ధానికి ఎన్ని గుంజలు పాతాలో నాకు అప్పుడు తెలిసింది. ఓనరు మొదట విసుక్కున్నాడు, తర్వాత ఆరింటికి గదిలోకి రావడమే మానేశాడు.

మాఘమాసంలో ఆయన చెప్పులోంచి మేకు గుచ్చుకుని అరికాలు పుండు పడింది. షుగరు మనిషికి పుండు అంటే తెలుసు కదా. కాలు కదపొద్దని డాక్టరు చెప్పాడట. ఆయన గుడ్డ చుట్టుకుని నడిచి వచ్చేవారు. నాలుగు రోజులు రావద్దు, నేను తిప్పుతానన్నాను. నువ్వు తిప్పితే అది గానుగలా ఉంటుందని నవ్వారు. రిక్షా మాట్లాడతానన్నాను. బోర్డులు రాసేవాడు నడవకపోతే ఎవడి బోర్డు ఎలా ఉందో ఎలా తెలుస్తుంది అన్నారు. ప్రతిసారీ నా నాలుక చివరిదాకా వచ్చింది. మావయ్యగారూ, మీరు రానక్కర్లేదు, ఇన్నాళ్ళుగా మీ లైట్‌హౌస్ ఎక్కడా కనిపించడం లేదు. ఇంతే మాట. ఆ గుడ్డ మీద చీము మరక పెరగడం రోజూ చూస్తూనే మీట క్యాసెట్ వైపు తిప్పాను. జాలి అనుకున్నాను దాన్ని. పిరికితనమని ఇప్పుడు రాస్తున్నాను.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం ఆయన రాలేదు. మర్నాడు పెద్దాసుపత్రిలో చేర్చారని తెలిసింది. కాలు నల్లబడిపోయింది, జ్వరం. నేను వెళ్ళేసరికి అత్త విసనకర్రతో విసురుతోంది. ఈసారి చెప్పి తీరాలని దారిపొడుగునా అనుకుంటూ వెళ్ళాను. మంచం పక్కన కూర్చున్నాను. ఆయనే కళ్ళు తెరిచి నన్ను చూశారు.

"ఈ పొద్దు ఎవరు తిప్పినారు పాపా?"

"నేనే మావయ్యగారూ."

"బిర్రున తిప్పబాక. మెల్లగా."

నాతో ఆయన మాట్లాడిన చివరి మాటలు అవి. మూడో నాటికి పోయారు.

పదో రోజు కర్మ అయ్యాక, చుట్టాలు బాహూరు బస్సుకి వెళ్ళిపోయాక, అత్త దగ్గర కూర్చుని మొత్తం చెప్పేశాను. క్యాసెట్, మీట, ఎర్రదీపం, టీకొట్టు, అన్నీ. చెబుతున్నంతసేపు ఆమె నా వైపు చూడలేదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. నేను ఆగాక చేట పక్కన పెట్టింది.

"ఆయనకి మొదటి పొద్దే తెలుసు."

నాకు అర్థం కాలేదు. ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదంది. పలక సందులోంచి ఆయనకు రోజూ నా మొహం కనిపించేదట. చీకటి గదిలో టీవీ ముందు కూర్చుంటాను కదా, ఆయన చక్రం తిప్పినప్పుడల్లా తెర మీది కిరణం నా మొహం మీద వచ్చి పోయేదట. "ఆ దినం ఇంటికొచ్చి చెప్పినాడు. పాప మొగం మింద నా వెలుగు పడలేదే, వేరే ఏదో పడినాదే అని. రొంబ సేపు అట్లనే కూసుండె."

అయితే మరి ఎందుకు వచ్చారని అడిగాను. 

"నేనూ అడిగితిని. పాప నోరు తెరిచి చెప్పలేక అల్లాడతా ఉండాది, నేను పోయేది నిలిపేస్తే నాకు తెలిసిపోయిందని దానికి తెలిసిపోతాది, తల ఎత్తుకోలేదు అన్నాడు. పాపే చెప్పనీ, అప్పుడు నిలిపేస్తా అన్నాడు."

నేను చెప్పి ఉంటే కాలు దక్కేదా అత్తా అన్నాను. కాదులే, విధి అని ఆమె అంటుందని ఆశ. అంత అబద్ధం ఆమె ఆడలేదు.

"దక్కుండేదేమో. నాకు నీ మింద కోపం ఉండె పాపా. ఆయనే వద్దనె." అని మళ్ళీ చేట ఒళ్ళోకి తీసుకుంది. తిని పో అంది.

తిన్నాను. తిని బయటికి వచ్చేసరికి ఐదు దాటింది. ఆయన నడిచిన దారినే స్టేషన్‌కి బయల్దేరాను. ఆ దారి నేను ఎప్పుడూ నడవలేదు. కాలవ గట్టు దిగగానే సైకిల్ షాపు ముందు రెండు ఇటుకల మీద ఒక పలక వేసి ఉంది. పెద్దాయన కూర్చోవడానికని షాపతను చెప్పాడు. కాలు నొప్పి మొదలైనప్పటి నుంచి వేశాడట. కొంచెం ముందుకి, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్ళ బండి పక్కన తిరగేసిన గంప పైన అట్ట. అదీ ఆయన కోసమే. షాపులో టీవీ ఉంది. బండి వెనకున్న ఇంట్లో టీవీ ఉంది. ఆయన లైట్‌హౌస్ రావడం లేదని వీధిలో అందరికీ తెలుసు. ఆయన రోజూ కుంటుకుంటూ దేనికి వెళ్తున్నారో కూడా తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఎవరికి తోచింది వాళ్ళు దారిలో పెట్టి ఊరుకున్నారు.

స్టేషన్ వీధి మలుపులో ఒక పాత ఇల్లు, వీధిలోకి రెండు మెట్లు. నేను అక్కడికి వచ్చేసరికి లోపలి నుంచి ఒక ముసలామె వచ్చింది. చేతిలో మడతపెట్టిన గోనెసంచి. నన్ను చూసింది, ఎవరో తెలిసినట్టే చూసింది.  ఆయన వచ్చే వేళకు రోజూ చేసే పనిలా వంగి పై మెట్టు మీద ఆ సంచి పరిచి, ముడతలు లేకుండా చేత్తో సర్ది, దాని మీద కూర్చోకుండా కింది మెట్టు మీద ఒక పక్కకి కూర్చుంది.